గబ్బిలాల గుహలో జనాభా లెక్కలు
(స్టాన్లీ కెంప్ జీవితం)

మన జువాలజీ రికార్డు పుస్తకంలో పెరిపేటస్ బొమ్మ వెయ్యని వాళ్లుండరు. వానపాముకీ, జెర్రికీ మధ్య మెట్టు లాంటి జీవి అని గుర్తుపెట్టుకుంటాం, పరీక్షలో రాసేస్తాం, మార్కులు పడతాయి, మర్చిపోతాం. ఆ పెరిపేటస్ బంధువు ఒకటి మన దేశంలో కూడా ఉందని, దానికి కళ్లు లేవని, దాన్ని మొట్టమొదట ఒక రాయి కింద చూసిన మనిషే పదేళ్ల తర్వాత గారో కొండల్లో ఒక గబ్బిలాల గుహలో దూరి అక్కడున్న ప్రతి పురుగుకీ లెక్క రాశాడని మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్న మొన్నటిదాకా తెలియదు. ఆ మనిషి పేరు స్టాన్లీ వెల్స్ కెంప్. సముద్ర శాస్త్రం చదివేవాళ్లకి ఆయన అంటార్కిటిక్ తిమింగలాల పరిశోధనకు నాయకుడుగా తెలుసు. గుహలోకి వెళ్లిన కెంప్ గురించి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

కెంప్ 1882 జూన్ 14న లండన్‌లో పుట్టారు. తండ్రి సంగీతం నేర్పే ఆచార్యుడు. కొడుక్కి మాత్రం సంగీతం కన్నా జీవుల మీదే ధ్యాస. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో చదివి 1903లో బంగారు పతకంతో డిగ్రీ పుచ్చుకుని బయటికొచ్చారు. వెంటనే ఐర్లండు మత్స్యశాఖ పరిశోధన విభాగంలో ఉద్యోగం. ఓడెక్కి, వల వేసి, పైకొచ్చిన రొయ్యల్ని జాతివారీగా వేరు చెయ్యడం పని. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ రెండు రొయ్యల్ని పక్కపక్కన పెట్టి, ముక్కు మీద పళ్లు ఎన్ని, రెండో కాలుకి కణుపులు ఎన్ని, తోక చివర ముళ్లు ఎన్ని అని లెక్కపెడుతూ ఏడేళ్లు కూర్చోవాలంటే ఓపిక కావాలి. 1910లో ఐర్లండు తీరపు రొయ్యల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం అచ్చయింది. అదే ఏడు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది.

ఆ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగానికి అధిపతి నెల్సన్ అన్నండేల్. పని రాక్షసుడు. సాలీళ్లు, స్పాంజీలు, బల్లులు, చేపలు, ఆయనకు పనికిరాని జీవి లేదు. ఇలాంటి అధికారి కింద పనిచేసేవాడికి కుర్చీలో కూర్చునే యోగం ఎక్కడిది? కెంప్ వచ్చిన మరుసటి ఏడే, 1911 చివర్లో, ఈశాన్య సరిహద్దుకి పయనమయ్యారు.

ఆ ప్రయాణం శాస్త్రం కోసం మొదలైంది కాదు. ఆ సంవత్సరం మార్చిలో విలియమ్సన్ అనే ఆంగ్ల అధికారిని సియాంగ్ లోయలో ఆది తెగవాళ్లు చంపారు. ఆ తెగను అప్పట్లో బయటివాళ్లు అబోర్లు అనేవారు. వాళ్లను శిక్షించడానికి సర్కారు సైన్యాన్ని పంపింది. సైన్యం వెంట సర్వే వాళ్లు, మొక్కల వాళ్లు, జంతువుల వాళ్లు కూడా నడిచారు. ఒకవైపు తుపాకులు, మరోవైపు సీసాలు, వలలు. మన దేశంలో ఆనాటి శాస్త్రం చాలావరకు ఇలాగే సాగింది, దాచుకోవలసిందేమీ లేదు. ఆ లోయలో రాళ్లు తిరగేస్తుంటే కెంప్‌కి మెత్తటి వెల్వెట్ గుడ్డలాంటి చర్మం, పొట్టి పొట్టి కాళ్ల వరస ఉన్న పురుగొకటి దొరికింది. అది పెరిపేటస్ వర్గానికి చెందినది, పైగా కళ్లు లేవు. గ్రీకులో టిఫ్లో అంటే గుడ్డి. ఆ జీవికి ఆయన టిఫ్లోపెరిపేటస్ విలియమ్సోని అని పేరు పెట్టారు. చనిపోయిన అధికారి పేరు అలా ఒక గుడ్డి పురుగుకి అతుక్కుపోయింది. ఆ లోయలో తరతరాలుగా ఉన్నవాళ్లు దాన్ని ఏమని పిలిచేవారో ఆ పేరులో లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం, దీనికి మళ్లీ వస్తాను.

1913లో కెంప్‌కి పెళ్లయింది. ఆ రోజుల్లోనే అన్నండేల్‌తో కలిసి చిల్కా సరస్సు సర్వేకి దిగారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కనుక చిల్కా దక్షిణపు ఒడ్డు ఆనాటి లెక్కల్లో మనకు పొరుగూరే. ఉప్పునీళ్లు, మంచినీళ్లు ఋతువుని బట్టి మారిపోయే ఆ సరస్సులో ఏ రొయ్య ఎక్కడ బతుకుతుందో కెంప్ వివరంగా రాశారు. 1915లో అది అచ్చయింది. 1916లో భారత జంతుశాస్త్ర సర్వే సంస్థ ఏర్పడినప్పుడు అన్నండేల్ దానికి మొదటి డైరెక్టరు, కెంప్ సూపరింటెండెంటు.

ఇక అసలు కథకి వద్దాం.

ఇప్పుడు మేఘాలయలో ఉన్న గారో కొండలు అప్పుడు అస్సాంలో ఉండేవి. అక్కడ సిమ్సాంగ్ నది ఒడ్డున సిజూ అని ఒక పల్లె. పల్లె దగ్గర సున్నపురాతి కొండలో పెద్ద గుహ. గుహలోంచి ఒక ఏరు బయటికి వస్తుంది. గారోలు ఆ గుహని దోబక్కోల్ అంటారు. దోబక్ అంటే గబ్బిలం, కోల్ అంటే బిలం. శాస్త్రజ్ఞులు వచ్చి వర్గీకరణ చెయ్యడానికి ఎంతో ముందే ఆ ఊరివాళ్లు గుహని దానిలో కాపురమున్న వాళ్ల పేరుతో పిలిచారు. ఒకరకంగా మొదటి వర్గీకరణ వాళ్లదే.

1922 ఫిబ్రవరిలో కెంప్ ఆ గుహకి వెళ్లారు. తోడుగా వెళ్లింది బి. చోప్రా, సర్వే సంస్థలో చేరిన భారతీయ యువ శాస్త్రజ్ఞుడు. బొర్రా గుహలు చూసినవాళ్లకి గబ్బిలాలున్న చోట వాసన ఎలా ఉంటుందో తెలుసు. మా క్లాసు విహారయాత్రకి వెళ్లినప్పుడు ముక్కుకి రుమాలు కట్టుకుని పది నిమిషాల్లో బయటపడ్డాం. విద్యుద్దీపాలూ, మెట్లూ, కమ్మీలూ ఉన్న గుహలోనే మా పరిస్థితి అది. సిజూలో అవేవీ లేవు. కాళ్ల కింద ఏటి నీళ్లు, ఒడ్డున మెత్తగా దిగబడే గబ్బిలాల పెంట, నెత్తిన వేల రెక్కల చప్పుడు. వాళ్లు లోపలికి కిలోమీటరు దాటి వెళ్లారు. వెళ్లినంత మేరా, గుహ ముఖం నుంచి ఎంత దూరంలో ఏ జీవి దొరికిందో రాసుకుంటూ పోయారు.

ఈ దూరం రాసుకోవడంలోనే ఉంది కిటుకు. గుహలో ఎండ పడదు, ఆకు పచ్చదనం లేదు. మరి తిండి ఎక్కణ్ణించి వస్తుంది? ఒకటి ఏరు మోసుకొచ్చే చెత్త. రెండోది గబ్బిలాలు. సాయంత్రం బయటికెళ్లి తిని తెల్లారేసరికి తిరిగొచ్చి పైనుంచి రాల్చేదే కిందివాళ్లకి అన్నం. ఆ పెంట మీద బూజు పుడుతుంది. బూజునీ, పెంటనీ తినే సన్నపురుగులు, ఈగల పిల్లలు, పేడపురుగులు చేరతాయి. వాటిని తినడానికి సాలీళ్లు, జెర్రులు వస్తాయి. ఉష్ణమండలపు గబ్బిలాల గుహల్లో ఈ వేటగాళ్ల సరసన తరచుగా కనిపించే మరొక చిత్రమైన జీవి సూడోస్కార్పియన్. దాన్ని మన మాటల్లో తోకలేని తేలు అనుకోవచ్చు. తేలుకున్నట్టే ముందు రెండు పెద్ద పటకార్లు ఉంటాయి, వెనక కొండీ ఉండదు. సైజు నాలుగైదు మిల్లీమీటర్లు, బియ్యపు గింజ కన్నా చిన్నది. విషం కొండీలో కాక పటకారు వేళ్లలో ఉంటుంది. మనకేమీ చెయ్యదు. ఈగ కాలు పట్టుకుని వేలాడి ఒకచోటి నుంచి మరోచోటికి టిక్కెట్టు లేని ప్రయాణం చేస్తుంది. దీని దాయాదులు పాత పుస్తకాల మధ్య కూడా దొరుకుతాయి కనుక, లైబ్రరీలో దుమ్ము దులిపే ఓపిక ఉన్నవాళ్లు గుహ దాకా పోనక్కర్లేదు.

ఇంత చిన్న జీవిని ఏ జాతి అని ఎలా తేలుస్తారు? పటకారు వేలి మీద పొడుగాటి స్పర్శ వెంట్రుకలు కొన్ని ఉంటాయి. అవి ఎన్ని, ఎక్కడెక్కడ మొలిచాయి, ఒకదానికొకటి ఎంత దూరం, పళ్లు ఎన్ని, కళ్లు నాలుగా రెండా అసలు లేవా, ఇవన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టాలి. అదీ ఒక్కదానితో సరిపోదు. దానిలాంటివి ఇదివరకు ఎవరైనా రాశారేమో ప్రపంచంలోని పుస్తకాలన్నీ తిరగెయ్యాలి. కలకత్తా మ్యూజియంలోని సూడోస్కార్పియన్ల మీద 1914లో వ్యాసం రాసింది ఎల్లింగ్సెన్ అనే నార్వే దేశస్థుడు. మన కొండల్లో పట్టుకున్న పురుగుకి పేరు పెట్టాలంటే ఆ పురుగు మీద జీవితం ధారపోసిన మనిషి ఏ ఖండంలో ఉంటే అక్కడిదాకా చూపు సారించాలి. వర్గీకరణ ఒంటిచేతి విద్య కాదు.

కెంప్‌కి ఈ సంగతి బాగా తెలుసు. సిజూ నుంచి తెచ్చిన సీసాలన్నీ తన బల్ల మీదే పెట్టుకుని కూర్చోలేదు. సాలీళ్లు పారిస్‌లో లూయీ ఫాజ్‌కి వెళ్లాయి. కీచురాళ్ల జాతివి షొపార్‌కి వెళ్లాయి. చేపలు సుందర్ లాల్ హోరా తీసుకున్నారు. నత్తల పని అన్నండేల్, చోప్రా చూశారు. తనకి ఊపిరైన రొయ్యలు మాత్రం కెంప్ ఉంచుకున్నారు. 1924లో ఇండియన్ మ్యూజియం రికార్డులు అనే పత్రికలో ఆ వ్యాసాలు వరసగా వచ్చాయి. గుహ గురించి, దానిలోని జీవుల గురించి సమగ్రంగా చెప్పే ముఖ్య వ్యాసం కింద రెండు పేర్లున్నాయి: కెంప్, చోప్రా. తెల్లదొర పేరు కింద నల్లవాడి శ్రమ మాయమైపోవడం మామూలైన రోజుల్లో ఇలా ఇద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చు కావడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

వాళ్ల లెక్కలో వందకు పైగా రకాల జీవులు తేలాయి. మరి అవన్నీ గుహ జీవులేనా? ఇక్కడే వర్గీకరణకి రెండో అర్థం వస్తుంది. గుహలో కనిపించిన వాటిని శాస్త్రజ్ఞులు మూడు తరగతులు చేస్తారు. గుహ విడిచి బతకలేనివి ఒకటి, లోపలా బయటా కూడా కాపురం చెయ్యగలిగేవి రెండు, చుట్టపుచూపుగా వచ్చిపోయేవి మూడు. ఈ పద్ధతిని 1907లో రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎమిల్ రకోవిత్సా గట్టిగా నిలబెట్టారు. యూరపు గుహల్లో రంగు పోయి, కళ్లు పోయి, కాళ్లూ మీసాలూ పొడుగైన జీవులు చాలా దొరికాయి. సిజూలో అలా కాలేదు. ఎక్కువ జీవులు బయట కూడా బతికేవే. గుహకే అంకితమై రూపం మార్చుకున్నవి కొద్ది. చీకట్లోకి వెళ్లగానే కళ్లు పోతాయని అనుకునేవాళ్లకి ఇది ఒక పాఠం. చీకటి ఒక్కటే చాలదు. ఎంత కాలం నుంచి ఉంది, బయటితో రాకపోకలు ఉన్నాయా, తిండి పుష్కలమా కరువా, ఇవన్నీ కలిస్తేగాని జీవి మారదు. గబ్బిలాలు రోజూ అన్నం పెట్టే గుహలో, ఏరు రోజూ కొత్తవాళ్లని మోసుకొచ్చే గుహలో, అలా మారిపోవలసిన అవసరమేముంది?

మారడం మొదలుపెట్టిన దానికి ఒక మంచి ఉదాహరణ కెంప్ రాసిన రొయ్యే. దానికి ఆయన కేవెర్నికోలా అని పేరు పెట్టారు, గుహవాసి అని అర్థం. దాని కళ్లు పూర్తిగా పోలేదు, కొంచెం చిన్నవయ్యాయి. అప్పుడాయన దాన్ని పేలీమన్ ప్రజాతిలో పెట్టారు. తర్వాతివాళ్లు మాక్రోబ్రాకియం ప్రజాతిలోకి మార్చారు, అంటే మన గోదావరి నీలకంఠ రొయ్యకి దాయాది అయింది. ఇంటిపేరు మారింది, పెట్టిన పేరు మారలేదు. జాతి పేరు పక్కన కెంప్ పేరూ, 1924 అన్న ఏడూ ఇప్పటికీ రాస్తారు. ప్రజాతి మారింది గనక నియమం ప్రకారం వాటిని బ్రాకెట్లలో పెడతారు. తప్పు దిద్దినా తొలి మనిషిని తుడిచెయ్యని మర్యాద అది. వేరే ఏ రంగంలో ఉంది?

అదే 1924 ఏప్రిల్లో అన్నండేల్ హఠాత్తుగా చనిపోయారు. వయసు ఇంకా యాభై కూడా నిండలేదు. కెంప్ మన దేశంలో ఉంటే ఆ పీఠం ఆయనదే అయ్యేదేమో. కానీ ఆ ఏడే ఆయనకి మరో పిలుపు వచ్చింది. దక్షిణ సముద్రాల్లో తిమింగలాలను విపరీతంగా చంపేస్తున్నారు. ఇలాగే చంపితే ఎన్నాళ్లు మిగులుతాయో తెలుసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం ఒక పరిశోధన సంఘం వేసింది. దానికి పరిశోధన డైరెక్టరుగా కెంప్‌ని తీసుకున్నారు. ఒకప్పుడు కెప్టెన్ స్కాట్ అంటార్కిటికాకి వెళ్లిన డిస్కవరీ ఓడలోనే 1925లో బయల్దేరి రెండేళ్లు తిరిగారు. 1929 నుంచి 1931 దాకా డిస్కవరీ రెండు అనే కొత్త ఓడలో మళ్లీ వెళ్లారు.

పైకి చూస్తే ఎక్కడి గుహ, ఎక్కడి మంచు సముద్రం అనిపిస్తుంది. పద్ధతి మాత్రం ఒక్కటే. తిమింగలాన్ని అర్థం చేసుకోవాలంటే తిమింగలాన్ని చూస్తే చాలదు, అది తినేదాన్ని చూడాలి. అది తినేది క్రిల్, చిటికెన వేలంత రొయ్యలాంటి జీవి. అదెక్కడ గుంపుకడుతుంది, ఎంత లోతున, ఏ నెలలో? దూరం, లోతు, తేదీ, సంఖ్య. సిజూలో గబ్బిలాల కింద ఎవరు ఎవర్ని తింటున్నారని రాసుకున్న చెయ్యే ఇక్కడ తిమింగలం కింద రాసుకుంది. 1931లో రాయల్ సొసైటీ ఆయనకి ఫెలోషిప్ ఇచ్చింది. 1936లో ప్లిమత్‌లోని సముద్ర జీవశాస్త్ర పరిశోధనశాలకి డైరెక్టరు అయ్యారు.

ఇక ప్రశాంతంగా కూర్చుని, ఏళ్ల తరబడి పోగుచేసిన రాతలన్నీ ముగించుకోవచ్చనుకునే వేళకి యుద్ధం వచ్చింది. 1941 మార్చిలో ప్లిమత్ మీద జర్మన్ విమానాలు బాంబుల వర్షం కురిపించాయి. కెంప్ ఇల్లు కాలిపోయింది. ఇంటితోపాటు ఆయన సొంత గ్రంథాలయం, కాగితాలు బూడిదయ్యాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల పనిలో అచ్చుకాకుండా మిగిలినదేదైతే ఉందో అది పోయింది. ఒక్కసారి ఆలోచించండి. మనకి రికార్డు పుస్తకం పోతేనే నెల రోజులు నిద్రపట్టదు.

అయినా ఆయన కుంగి కూర్చోలేదు. దెబ్బతిన్న పరిశోధనశాలని బాగుచేసే పనిలో పడ్డారు. యూరపులో యుద్ధం ముగిసిన ఎనిమిది రోజులకి, 1945 మే 16న, ప్లిమత్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై రెండు.

మరి ఏం మిగిలింది? ఇంట్లో దాచుకున్నది కాలిపోయింది, పంచిపెట్టినది మిగిలింది. వేరేవాళ్లకి పంపిన సీసాలు, వేరేవాళ్లతో కలిసి అచ్చువేసిన పేజీలు, వేరేవాళ్లకి నేర్పిన పద్ధతి. హోరా 1947లో జంతుశాస్త్ర సర్వే సంస్థకి డైరెక్టరయ్యారు. సిజూ గుహ మీద ఆ తర్వాత పనిచేసిన ప్రతివాళ్లూ మొదట తెరిచేది 1924 నాటి పట్టికే. అప్పుడు ఏముంది, ఇప్పుడేది లేదు అని తేల్చాలంటే అప్పటి లెక్క ఉండాలి కదా. సున్నపురాతి కోసం, బొగ్గు కోసం ఆ కొండల్ని తవ్వుతున్న మన కాలంలో ఆ పట్టిక విలువ పెరిగిందే గాని తగ్గలేదు.

టిఫ్లోపెరిపేటస్ సంగతి చెప్తానన్నాను. కెంప్ తర్వాత నూరేళ్లకు పైగా దాన్ని చూసినవాళ్లు లేరు. అంతరించిపోయిందేమో అనుకున్నారు. సియాంగ్ లోయలో మళ్లీ సర్వే చేసిన మన శాస్త్రజ్ఞులకి అది రాళ్ల కిందే మళ్లీ దొరికింది. 2024లో ఆ సంగతి ప్రకటించారు. దొరికింది అదేనని ఎలా చెప్పగలిగారు? కెంప్ రాసిన వర్ణన పక్కన పెట్టి చూసుకున్నారు గనక. తుపాకుల వెంట నడిచిన ఆ శాస్త్రంలో మనం ఒప్పుకోలేనివి ఉన్నాయి. కానీ చేతిలో ఉన్న జీవిని ఉన్నదున్నట్టు రాసిన ఆ పేజీ మాత్రం ఎవరి సొత్తూ కాదు, ఆ లోయకి వెళ్లే ఎవరికైనా దారి చూపిస్తుంది.

మిత్రులారా, పరిశోధన అంటే పెద్ద పెద్ద యంత్రాలున్న చోటే అవుతుందని, మన జిల్లా కాలేజీల్లో ఏముందని నిట్టూర్చే వాళ్లకి ఒక మాట. 2014లో నాగార్జున విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు బొర్రా గుహల నీటిలోంచి కంటికి సరిగా ఆనని ఒక క్రస్టేషియన్‌ని పట్టి హాబ్రోబాతినెల్లా బొర్రాయెన్సిస్ అని పేరు పెట్టారు. ఈసారి పేరులో ఏ దొరా లేడు, మన బొర్రా ఉంది. మనం ముక్కు మూసుకుని పది నిమిషాల్లో పారిపోయి వచ్చిన చోటే మరొకరు వంగి, చూసి, లెక్కపెట్టి, రాసుకున్నారు. ఆ గుహల్లో, బెలుంలో, ఊరూరా పాత కోటల్లో, గుళ్ల చీకటి గర్భాల్లో గబ్బిలాల కింద ఇంకా పేరు లేనివి ఎన్ని ఉన్నాయో! ఈసారి విహారయాత్రకి వెళ్లేటప్పుడు రుమాలుతో పాటు ఒక చిన్న భూతద్దం, ఒక నోటు పుస్తకం కూడా జేబులో వేసుకుని వెళదాం. గబ్బిలాలని బెదరగొట్టకుండా, దేన్నీ తీసుకురాకుండా, చూసింది చూసినట్టు, తేదీ వేసి రాసుకుందాం. కెంప్ మొదలుపెట్టింది కూడా అలాగే.